అనంతపురం మెడికల్ కాలేజీ: కరువు నేల మీద డాక్టర్ల బడి.. క్యాంపస్‌లో ఏం జరిగినా పల్లెల్లో ఎందుకు తెలుస్తుంది?

సీట్లు పెరిగాయి.. జూడాలు సమ్మెకు దిగారు.. తనిఖీకి టీమ్ వచ్చింది.. వైట్ కోట్ వేడుక జరిగింది.. అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ నుంచి తరచూ వచ్చే వార్తలివి. చాలామంది వీటిని విద్యార్థుల గొడవ కింద చూసి వదిలేస్తారు. కానీ ఇక్కడ కాలేజీ వేరు, ఆసుపత్రి వేరు కాదు. క్లాసులో పాఠం వినే పిల్లలే నాలుగేళ్లు తిరిగేసరికి క్యాజువాలిటీలో పేషెంట్ చెయ్యి పట్టుకునే హౌస్ సర్జన్లు. కాబట్టి క్యాంపస్‌లో ఒక చిన్న మార్పు జరిగినా దాని ప్రభావం కళ్యాణదుర్గం, రాయదుర్గం, గుంతకల్లు వైపు నుంచి బస్సెక్కి వచ్చే మనిషి దాకా పోతుంది. ఇంతకీ ఈ కాలేజీ ఎలా పుట్టింది, లోపల ఏం జరుగుతుంది, వార్తల్లో వచ్చే మాటలకు అర్థం ఏంటి? పూర్తి వివరాలు చూద్దాం.

2000లో మొదలైన కాలేజీ

రాయలసీమలో మొదటి మెడికల్ కాలేజీ కర్నూలుది. అది 1950ల్లో వచ్చింది. 1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు అనంతపురం జిల్లాకు ఏమీ దక్కలేదు. జబ్బు ముదిరితే ఒకటే మాట, కర్నూలుకు పోండి. లేదంటే బెంగళూరు. కర్నూలు సుమారు 150 కిలోమీటర్లు, బెంగళూరు 200 కిలోమీటర్లు దాటుతుంది. అప్పట్లో 108 అంబులెన్స్ కూడా లేదు, అది ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది.

2000లో అనంతపురంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు. జిల్లా కేంద్రంలోని హెడ్‌క్వార్టర్స్ ఆసుపత్రి దానికి బోధనాసుపత్రి అయింది. రికార్డుల్లో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అని రాస్తారు, జనం నోట మాత్రం పెద్దాసుపత్రే. 100 ఎంబీబీఎస్ సీట్లతో మొదలై ఇప్పుడు 150కి చేరింది. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే పరీక్షలన్నీ జరుగుతాయి. ఆ వర్సిటీకి 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే తెచ్చారు. మధ్యలో చదివిన బ్యాచ్‌ల సర్టిఫికెట్ల మీద పేరు వేరుగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వర్సిటీ ఒక్కటే.

ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్ష యోజన మూడో దశలో ఈ కాలేజీకి సూపర్ స్పెషాలిటీ బ్లాక్ మంజూరైంది. ఆ దశలో ఒక్కో కాలేజీకి 150 కోట్ల రూపాయలు లెక్క. అందులో కేంద్రం వాటా 120 కోట్లు, రాష్ట్రం వాటా 30 కోట్లు. రాష్ట్రం నుంచి విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీతో పాటు అనంతపురానికి ఈ అవకాశం దక్కింది.

మొదటి నెలలో ఏం జరుగుతుంది?

నీట్ రాసి సీటు తెచ్చుకున్న పిల్లలు రాగానే శరీర నిర్మాణం చదవడం మొదలుపెట్టరు. 2019 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సిలబస్ ప్రకారం ముందు ఫౌండేషన్ కోర్సు ఉంటుంది. వైద్య వృత్తి అంటే ఏంటి, పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి, ప్రథమ చికిత్స ఎలా చేయాలి.. ఇవన్నీ అందులో భాగం. స్థానిక భాష నేర్పడం కూడా ఉంది. తెలుగు పిల్లలకు తెలుగు నేర్పడం ఏంటని నవ్వొచ్చు కానీ, అనంతపురంలో ఆ అవసరం నిజంగానే ఉంది. కోస్తా నుంచి వచ్చిన పిల్లకు "తల తిరుగుతాంది, కాళ్లు లాగుతాన్నాయి" అనే యాస చెవికెక్కడానికే కొన్నాళ్లు పడుతుంది. పైగా రాయదుర్గం, మడకశిర వైపు నుంచి వచ్చేవాళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లుంటారు. హిందూపురం, కదిరి నుంచి ఉర్దూ మాట్లాడేవాళ్లు వస్తారు. తండాల నుంచి సుగాలీ అవ్వలు వస్తారు. నొప్పి ఎక్కడో అడగడం తెలియకపోతే పుస్తకంలో చదివింది ఏం పనికొస్తుంది?

ఆ తర్వాత అనాటమీ హాలు. దేహదానం చేసిన వ్యక్తి శరీరాన్ని తాకే ముందు విద్యార్థులతో ప్రమాణం చేయిస్తారు. ఆ శరీరాన్ని మొదటి గురువుగా చూడాలన్నది దాని సారాంశం. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తర్వాత ఫార్మకాలజీ, పాథాలజీ, మైక్రోబయాలజీ. చివర్లో మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల వైద్యం. మొత్తం నాలుగున్నరేళ్ల చదువు, ఆపై ఏడాది హౌస్ సర్జన్సీ. అది పూర్తయితేనే మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదవుతుంది.

వార్డులే అసలు పాఠం

అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. సగటు వానపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. నైరుతి ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతుంది, ఈశాన్యం సగమే చేరుతుంది. చెనక్కాయ పంట మీద ఆధారపడ్డ జిల్లా ఇది. వాన తప్పితే అప్పులు, వలసలు. ఈ నేల కష్టాలన్నీ చివరికి పెద్దాసుపత్రి వార్డుల్లోకే వస్తాయి. అందుకే ఇక్కడ చదివిన డాక్టర్‌కు కొన్ని కేసులు పుస్తకం తెరవకుండానే వంటబడతాయి.

మొదటిది పాముకాటు. వాన పడగానే చేలల్లో పని మొదలవుతుంది, పాములూ బయటికి వస్తాయి. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు రకాలు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. పింజరలు కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దీన్ని కనిపెట్టడానికి క్యాజువాలిటీలో చేసే పరీక్ష చాలా సింపుల్. కాస్త రక్తం తీసి, పొడిగా శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టే. కోట్ల రూపాయల మిషన్ అక్కర్లేని ఈ పరీక్షను కొత్త హౌస్ సర్జన్లు మొదటి వారంలోనే నేర్చుకుంటారు. కట్లపాముతో సమస్య వేరు. రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటాయి. కడుపునొప్పి అని వచ్చిన పేషెంట్ కళ్లు చూడాలని సీనియర్లు జూనియర్లకు చెప్పేది ఇందుకే.

ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు మందు ఏఎస్‌వీ. దాని తయారీకి కావాల్సిన పాము విషాన్ని తమిళనాడులో చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరిస్తుంది. ఆ సంఘం 1978 నుంచి ఉంది. పాము కరిస్తే గట్టిగా తాడు కట్టడం, గాటు కోయడం, పసరు పోయడం.. ఇవేవీ చేయొద్దు. కరిచిన కాలు, చెయ్యి కదపకుండా పెట్టి, పరిగెత్తించకుండా, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకురావాలి. పామును చంపి తేవాల్సిన పని కూడా లేదు. లక్షణాలు చూసే వైద్యం చేస్తారు.

రెండోది పురుగుమందు. ఇది చెప్పడానికి బాధగా ఉన్నా దాటవేయలేని సంగతి. రైతు ఆత్మహత్యల వార్తల్లో అనంతపురం పేరు ఏళ్ల తరబడి వినిపించింది. ఆ మనుషులు చివరిగా చేరేది ఈ క్యాజువాలిటీకే. ఆర్గానోఫాస్ఫరస్ మందు లోపలికి పోతే నోట్లోంచి నురగ, చెమట, ఊపిరితిత్తుల్లో నీరు, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తాయి. విరుగుడు అట్రోపిన్. ఊపిరితిత్తులు పొడిబారే దాకా మళ్లీ మళ్లీ ఇస్తూ పక్కనే కూర్చోవాలి. రాత్రంతా ఆ సిరంజి పట్టుకుని కూర్చునేది ఎవరు? ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్, ఒక పీజీ, ఒక స్టాఫ్ నర్సు. జూనియర్ డాక్టర్ల డ్యూటీ గంటల గురించి గొడవ జరిగినప్పుడు ఈ సీన్ గుర్తుంచుకోవాలి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది కూడా ఉంది. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం ప్రమాదకరం. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందు పడిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బా వెంట తీసుకురావాలి. డబ్బా మీద పేరు చూస్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది. మనసులో బరువుంటే మాట్లాడుకోవడానికి టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

మూడోది నీళ్లు. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ సమస్య బయటపడుతుంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతంలో. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు గారపడతాయి, ఏళ్లు గడిస్తే ఎముకలు బిగుసుకుపోతాయి. చాలామంది నమ్మే ఒక పొరపాటు ఉంది, నీళ్లు కాచి తాగితే చాలని. కాచితే క్రిములు పోతాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఎముకల వార్డులో ఇంకో తమాషా. రాయలసీమలో చెయ్యి విరిగితే చాలామందికి ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకు పసరు, గుడ్డుసొన, వెదురు బద్దలు. కొందరికి కుదురుతుంది. కుదరనివాళ్లు వాచిపోయిన వేళ్లతో పెద్దాసుపత్రికి వస్తారు. ఎముకలు సర్దే చేతి విద్య నుంచి ఏకంగా ఒక వైద్య విద్యే పుట్టిన సందర్భం అమెరికాలో ఉంది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్ 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి ఆస్టియోపతి కాలేజీ పెట్టాడు. ఆ కాలేజీల్లో చదివినవాళ్లకు ఎం.డి. కాకుండా డి.ఓ. అనే డిగ్రీ ఇస్తారు. కాలక్రమంలో ఆ కాలేజీలు మిగతా వైద్యశాస్త్రాన్ని కూడా పూర్తిగా కలుపుకున్నాయి. ఇప్పుడు అక్కడ డి.ఓ.లు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. 2020 నుంచి ఎం.డి.లకూ డి.ఓ.లకూ రెసిడెన్సీ ఒకే పద్ధతిలో జరుగుతోంది. కాబట్టి అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లల పేరు పక్కన డి.ఓ. అని కనిపిస్తే అది తక్కువ చదువని అనుకోవద్దు. ఇక్కడ ఎంబీబీఎస్ చేసి అమెరికా వెళ్లాలనుకునేవాళ్ల దారి వేరు, వాళ్లు యూఎస్ఎంఎల్ఈ రాయాలి.

ఊరిని దత్తత తీసుకునే విద్యార్థులు

క్యాంపస్ బయట జరిగే పనుల్లో జనానికి నేరుగా తగిలేది ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్. జాతీయ వైద్య కమిషన్ 2021-22 బ్యాచ్ నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. ఒక్కో విద్యార్థికి మూడు నుంచి ఐదు కుటుంబాలు అప్పగిస్తారు. మొదటి ఏడాది నుంచే ఆ ఇళ్లకు వెళ్లాలి. బీపీ, షుగర్ చూడాలి, గర్భిణికి రక్తం ఎంతుందో కనుక్కోవాలి, పిల్లలకు టీకాలు పడ్డాయో లేదో చూడాలి. తాగేది బోరు నీళ్లా, ఆర్వో ప్లాంటు నీళ్లా అడగాలి. చదువు అయ్యేవరకు ఆ కుటుంబాల ఆరోగ్యం రాసుకుంటూ పోవాలి.

ఆలోచన బాగుంది. కాకపోతే అనంతపురం లాంటి చోట దీనికో చిక్కుంది. వాన పడని ఏడాది ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు వేసి బెంగళూరుకు పోతారు. అప్పగించిన కుటుంబమే ఊళ్లో లేకపోతే విద్యార్థి ఎవరి బీపీ చూడాలి? ముసలివాళ్లు, చదువుకునే పిల్లలు మాత్రం మిగిలిన ఇల్లయితే ఏం రాసుకోవాలి? నిజానికి ఆ తాళం కూడా ఒక ఆరోగ్య సమాచారమే. వలస పోయిన గర్భిణికి బెంగళూరులో చెకప్‌లు ఎవరు చేస్తున్నారు, టీకా మధ్యలో ఆగిన పిల్లాడి సంగతేంటి అని ఆరా తీసే విద్యార్థికి కమ్యూనిటీ మెడిసిన్ నిజంగా అర్థమైనట్టు. రక్తహీనత సంగతి చూడండి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత, 7 కన్నా తగ్గితే ప్రమాదం. మాత్రలు రాయడం నిమిషం పని. అవి ఎందుకు మింగడం లేదో తెలియాలంటే మాత్రం ఆ ఇంటి గడప తొక్కాల్సిందే.

ఫొటోలు దిగి, రిజిస్టర్ నింపి వచ్చేస్తే ఈ ప్రోగ్రామ్ దండగ. ఊళ్లో మీ ఇంటికి విద్యార్థులు వస్తే మొహమాటపడకుండా అడగండి. మందు చీటీ చూపించండి.

తనిఖీలు, పడకలు, ప్రొఫెసర్లు

'కాలేజీకి ఎన్‌ఎంసీ నోటీసు' అని స్క్రోలింగ్ వస్తే చాలామందికి అర్థం కాదు. 2020 సెప్టెంబర్‌లో పాత మెడికల్ కౌన్సిల్ స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. దాని 2023 నిబంధనల ప్రకారం 150 సీట్లున్న కాలేజీకి 605 పడకల ఆసుపత్రి ఉండాలి. బోధకులు పనిదినాల్లో కనీసం 75 శాతం హాజరు కావాలి, ఆ హాజరు ఆధార్ ఆధారంగా నమోదవుతుంది. ఒకప్పుడు తనిఖీ రోజున వేరే ఊళ్ల నుంచి ప్రొఫెసర్లను తెచ్చి కూర్చోబెట్టే అలవాటు రాష్ట్రాల్లో ఉండేది. హాజరు ఆన్‌లైన్ అయ్యాక అది కష్టమైంది.

దీంట్లో సామాన్యుడికి పట్టేదేంటి? సీటుకు ఇన్ని పడకలు, విభాగానికి ఇంతమంది డాక్టర్లు అనే లెక్క ఉండటం వల్లే జిల్లాలో ఒక పెద్ద ఆసుపత్రి నిలబడుతుంది. ప్రొఫెసర్ పోస్టు ఖాళీగా ఉంటే విద్యార్థికి పాఠం పోతుంది, పేషెంట్‌కు స్పెషలిస్ట్ పోతాడు. రెండూ ఒకే ఖాళీ. 'సీట్లు పెరిగాయి' అన్న వార్త చూసినప్పుడు పక్కనే 'పోస్టులు ఎన్ని నింపారు' అని అడగడం న్యాయం.

సమ్మె అంటే..

జూడాల సమ్మెకు కారణాలు సాధారణంగా రెండే ఉంటాయి. ఒకటి స్టైపెండ్, రెండోది దాడులు. హౌస్ సర్జన్లకు, పీజీలకు ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. అది సమయానికి రాకపోతే, పెంచకపోతే నల్ల బ్యాడ్జీలతో మొదలవుతుంది. తర్వాత ఓపీ బహిష్కరణ. ఎమర్జెన్సీని మాత్రం చాలాసార్లు చివరిదాకా ఆపరు. దాడుల విషయానికొస్తే, ఆస్పత్రుల్లో హింసను అరికట్టడానికి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా పడొచ్చు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ట్రైనీ డాక్టర్ హత్యాచారం తర్వాత దేశమంతా వైద్య విద్యార్థులు రోడ్డెక్కారు. రాత్రి డ్యూటీలో ఆడపిల్లలు పడుకోవడానికి తాళం వేసుకునే గది ఉందా అనే ప్రశ్న అప్పటి నుంచి ప్రతి క్యాంపస్‌లోనూ వినిపిస్తోంది.

ర్యాగింగ్ మీద కూడా ఉమ్మడి రాష్ట్రం 1997లోనే చట్టం తెచ్చింది. ఏ కాలేజీ విద్యార్థి అయినా 1800-180-5522కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. పేరు బయటపెట్టరు.

ఒక్క కాలేజీతో సరిపోతుందా?

ఈ ప్రాంతంలో వైద్యం అంటే పెద్దాసుపత్రి ఒక్కటే కాదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు నడుపుతోంది. పుట్టపర్తిలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 1991 నవంబర్ 22న అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు ప్రారంభించారు. అక్కడ గుండె ఆపరేషన్లకు బిల్లు ఉండదు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి, మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఆ ఎంపికే ఇక్కడి అవసరం ఎంతో చెబుతుంది. ఇప్పుడదే ఎన్టీఆర్ వైద్య సేవ.

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయాక పుట్టపర్తి, బత్తలపల్లి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. ఆ జిల్లాకు సొంత ప్రభుత్వ మెడికల్ కాలేజీగా పెనుకొండలో ఒకటి కట్టాలన్నది గత ప్రభుత్వం ప్రకటించిన 17 కాలేజీల ప్రణాళికలో భాగం. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త కాలేజీలను పీపీపీ పద్ధతిలో పూర్తి చేయాలని నిర్ణయించింది. ఆ పదిలో పెనుకొండ కూడా ఉంది. దాని మీద రాజకీయ రగడ సంగతి అలా ఉంచితే, హిందూపురం, మడకశిర వైపు జనానికి పెద్దాసుపత్రి కంటే కర్ణాటక దగ్గర అన్న మాట ఈనాటిది కాదు.

చేరాలనుకునే విద్యార్థులకు

అనంతపురం కాలేజీ శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ రీజియన్‌లోకి వస్తుంది. అంటే ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు. 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకు పోతాయి. 150లో సుమారు 22. మిగతా రాష్ట్ర కోటా సీట్లలో 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం ఈ రీజియన్ పిల్లలకే. కాబట్టి నీట్‌లో ఉరవకొండ పిల్లాడు పోటీ పడేది రాష్ట్రమంతటితో కాదు, ప్రధానంగా రాయలసీమ, నెల్లూరుతో.

చదివినవాళ్లు ఇక్కడే ఉంటారా అన్నది వేరే లెక్క. ఎంబీబీఎస్ అయిన వెంటనే ఎక్కువమంది చూపు పీజీ సీటు మీదే. ప్రభుత్వం దగ్గర ఉన్న ఎర ఇన్ సర్వీస్ కోటా. పీహెచ్‌సీలో కొన్నేళ్లు పనిచేసిన డాక్టర్లకు పీజీ సీట్లలో కొంత వాటా ఇస్తారు. ఆ వాటా తగ్గిందని 2025లో రాష్ట్రవ్యాప్తంగా పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు. కోటా శాతం మారితే మారుమూల పీహెచ్‌సీలో కుర్చీ నిండుతుందా ఖాళీగా ఉంటుందా అన్నది కూడా మారుతుంది. కౌన్సెలింగ్ షెడ్యూల్, కోటా వివరాల కోసం అభ్యర్థులు ఏటా ఆరోగ్య విశ్వవిద్యాలయం విడుదల చేసే నోటిఫికేషన్‌నే చూసుకోవాలి. వాట్సాప్‌లో తిరిగే లిస్టులు నమ్మొద్దు.